పరుపుల దొర కౌన్సిల్‌కు గెలిచిన సంగతి

అక్క మస్తానమ్మకు, బావ హుసేనప్పకు తమ్ముడు దస్తగిరి సలాములు చెప్పి రాసుకొనేది.

అల్లా దయ వల్ల, మీ దీవెన వల్ల ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది. మీరు, పిల్లలు ఎలా ఉన్నారో రాయండి. బావ చెయ్యి చలికి ఇంకా గుంజుతోందా? నా గురించి మాత్రం బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, దగ్గు కూడా పోయింది. ప్రతి జాబులో ఇదే రాస్తావేమిరా అంటావు. ప్రతి జాబులో నువ్వు ఇదే అడుగుతావు కాబట్టి రాస్తున్నాను.

ఈ జాబు ముందు నువ్వు ఒక్కదానివే చదువుకో. తర్వాత బావకు వినిపించు. పీరమ్మ పక్కన ఉంటే మడిచి పెట్టు. నా భార్యకు ఏం చెప్పాలో కింద రాస్తాను, అంతవరకు చెబితే చాలు.

మనూరి పంచాయతీకి మళ్ళీ చేతులెత్తి ఓటేసే రోజు వస్తోందని, మన పార్టీ పెద్ద మేడింటాయన మనుషులు బావ దగ్గరికి వచ్చి పోయారని రాశావు. చదివి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఇక్కడ కూడా ఈ మధ్యనే ఎలక్షన్ జరిగింది. తెల్లవాళ్ళ దేశంలోని ఈ సముద్రపు ఒడ్డు ఊరికి మన పంచాయతీ లాంటిదే కౌన్సిల్ ఒకటి ఉంది. చెత్త ఎత్తించడం, వీధి దీపాలు, ఒడ్డున కుర్చీలు వేయించడం దాని పని. మన దేశం నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న వాళ్ళకు కూడా ఓటు ఇస్తారు. అది చాలదన్నట్టు నేను దాంట్లో తల దూర్చాను.

ఎండాకాలం జనం సముద్ర స్నానాలకు వచ్చే ఊరు ఇది. ఒడ్డు పొడవునా అద్దె గదుల ఇళ్ళే. ఆ ఇళ్ళ పరుపులన్నీ చలికాలంలో మా షెడ్డుకు వస్తాయి. వాటిని విప్పి, లోపలి ఉన్ని, గుర్రపు వెంట్రుకలు దులిపి ఏకి, మళ్ళీ నింపి కుట్టడం నా పని. ప్రొద్దుటూరులో నాయన నేర్పిన దూదేకుడు పని మద్రాసు హార్బరులో ఓడ పరుపులు కుట్టడానికి పనికొచ్చింది, ఆ ఓడల పనే నన్ను తెచ్చి ఇక్కడ దించింది. దుమ్ము మాత్రం ఎక్కడైనా ఒకటే. షెడ్డు యజమాని పేరు హార్పర్. మీకు రాసేటప్పుడు దొర అని రాస్తాను, ఎదురుగా సార్ అంటాను.

తిండి సంగతి అడిగావు. ఉర్లగడ్డ దుంపలు ఉడకేసి పెడతారు, మరునాడు వాటినే మెదిపి పెడతారు. సంగటి ముద్ద కలలోకి వస్తోంది. ఎండు కారం ఇంకొంచెం పంపించు, గుడ్డలో గట్టిగా మూట కట్టి పంపు, పోయినసారి దారిలో చిల్లుపడి సగం కారిపోయింది. కడుపు నిండా తినేది ఆదివారం ఒక్కటే. వాల్టర్ అని ఒక ముసలాయన ఉన్నాడు, బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నాడు, భార్య లేదు. పరుపు కుట్టించుకోవడానికి వచ్చి పరిచయమయ్యాడు. వాళ్ళ మాంసం నేను తిననని తెలిసి ఆదివారం నా కోసం చేప వేయిస్తాడు. మన కారం చల్లుకొని కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా తింటాడు. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచి కుర్చీ చూపించే మనిషి ఆయన ఒక్కడే.

షెడ్డు మీద ఒక గది ఉందని మీకు రాశాను. నేనున్న అద్దె ఇంటి ఆవిడ సంసారాలను చేరనివ్వదు. చలికాలంలో ఒకరోజు దొర ఆ గది చూపించి ఒక మాట అన్నాడు. వాళ్ళ మాట నాకు మన మాటలాగే చెవిన పడుతుంది కాబట్టి అట్లే రాస్తున్నాను. "ఆ గది ఊరికే పడుండాది గదప్పా దస్తగిరీ. నీ పెండ్లాన్ని పిలిపించుకో, ఇద్దరూ ఈడనే ఉందురు." ఆ మాట పట్టుకొనే పీరమ్మను ప్రయాణానికి సిద్ధం కమ్మని మీకు రాశాను.

అటువంటి దొర కౌన్సిల్‌కు నిలబడితే నేను ఊరికే కూర్చుంటానా? ఆయన మీద నిలబడింది రొట్టెల అంగడి బెన్నెట్. దొర నన్ను పని చేయమని అడగలేదు. అడగాల్సిన పనేముంది అనుకున్నాను. చొక్కాకు గుచ్చుకొనే రిబ్బను పువ్వులన్నీ షెడ్డులో నేనే కుట్టాను. పని అయ్యాక కాగితాలు చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు తీసి నన్ను చూసి మళ్ళీ వేసుకున్నారు. వీళ్ళు బెన్నెట్ పార్టీ కాబోలు అనుకున్నాను గానీ వేరే ఆలోచన రాలేదు.

బెన్నెట్ అంగట్లో రొట్టె కొనడం మానేశాను. ఊరి అవతలి అంగడికి నడిచిపోయి కొన్నాను. వాళ్ళ అంగడి పిల్ల గుడ్మార్నింగ్ అంటే ముఖం తిప్పుకున్నాను. వాల్టర్ కిటికీలో బెన్నెట్ బొమ్మ కాగితం అతికించి ఉండటం చూసి నా గుండె రాయి చేసుకున్నాను. ఆదివారం ఆయన ఇంటికి పోవడం మానేశాను. దారిలో చెయ్యి ఊపితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయాను. ఆదివారాలు నా మంచం మీద కూర్చొని ఎండిన రొట్టె నమిలాను. మన ఊళ్ళో అంతే కదా అక్కా. ఎదుటి పార్టీ దిగువింటాయన వాళ్ళ బావి నీళ్ళు కూడా తాగని మనుషులం మనం.

పోలింగుకు ముందు హాల్లో మీటింగు పెట్టారు. నేను లోపలికి పోలేదు, వాకిట్లో నిలబడి వచ్చేవాళ్ళకు కాగితాలు పంచాను. సముద్రపు గాలి చెవులు కోస్తోంది. లోపల దొర ఏదో మాట్లాడాడు, చప్పట్లు మోగాయి. అంత గట్టి చప్పట్లు ఎప్పుడూ వినలేదు. బయట నిలబడి నేనూ కొట్టాను. పీరమ్మ గదికి తాళం చెవి దొరికినట్టే అనుకున్నాను.

ఓటు వేసేటప్పుడు ఒక తమాషా జరిగింది. గుడ్డ అడ్డం కట్టిన చోట గుర్తు వేశాను. వేసి, దొర తరఫున కూర్చున్న మనిషికి కనబడేలా కాగితం పైకెత్తి చూపించాను. చావడి ముందర చెయ్యి ఎత్తి చూపించిన అలవాటు మనది. అక్కడి ఆఫీసరు పరుగున వచ్చి, "మడువప్పా, మడువు, ఎవురికీ చూపించగూడదు" అన్నాడు. చూపించకపోతే నేను వేసినట్టు దొరకు ఎలా తెలుస్తుందని అడిగాను. వాళ్ళందరూ నవ్వారు.

మా దొర గెలిచాడు. లెక్క చెప్పే చోట మెట్ల మీద నేను భయంభయంగా నిలబడ్డాను. ఇప్పుడు బెన్నెట్ మనుషులు ఏం చేస్తారో, దొరకు అడ్డం పడాలేమో అని చొక్కా చేతులు మడుచుకొని ఉన్నాను. బెన్నెట్ నేరుగా దొర దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకొని ఊపాడు. ఇద్దరి భార్యలూ పక్కపక్కన నిలబడి నవ్వుకుంటున్నారు. తర్వాత తెలిసింది, ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు, వారం వారం కలిసి తాగుతారు. బెన్నెట్ నా భుజం తట్టి, "మీ దొర గెలిచినాడు, సంతోషమేనా అప్పా? మా అంగడికి రావడమే మానేసినావే" అన్నాడు. అందరూ కలిసి సారా అంగడికి పోయారు. నేను చొక్కాకు పువ్వుతో మెట్ల మీద మిగిలిపోయాను.

అప్పుడు బావ గుర్తుకొచ్చాడు. చావడి ముందు మేడింటాయనకు ఎత్తిన చేతిని ఆ వారమే దిగువింటాయన మనుషులు విరిచారు. అది తప్పు కాదనను, వాళ్ళను నేను క్షమించను. కానీ మేడింటాయన మన గడపలో నేల మీద కూర్చొని, "నాకోసం ఎత్తిన చెయ్యి మామా ఇది, నీ ఇంటికి గింజలు నేను తోలిస్తా" అన్నాడు, ఆ ఏడాదంతా తోలించాడు. ఇక్కడ నన్ను కొట్టేవాడూ లేడు, నా గడపలో కూర్చొనేవాడూ లేడు. నా పగ నేను ఒక్కడినే పట్టుకొని తిరిగాను, అవతలివాళ్ళకు ఆ పగ సంగతి తెలియను కూడా తెలియదు.

రెండు రోజులాగి గది సంగతి అడిగాను. పీరమ్మ వచ్చేలోపల సున్నం కొట్టుకుంటానన్నాను. దొర కుర్చీలో వెనక్కి వాలి, మెత్తగానే చెప్పాడు. "మీటింగులో ఒకాయప్ప లేసి, నల్లోల్లు ఊర్లోకి దిగబడతాండారు, నీ షెడ్లోనే ఒగడుండాడు గదా, రేపు కౌన్సిల్లో కూసోని వాళ్ళకే ఇండ్లిప్పిస్తావా అని అడిగినాడు. నేనేం చెప్పేది? మా దస్తగిరి ఒంటి మనిషి, పని ఉన్నన్నాళ్ళు ఉంటాడు, పోతాడు, నా కప్పు కింద వాళ్ళ సంసారాలు పెట్టనీను అని చెప్పినా. అందరూ చప్పట్లు కొట్టినారు. ఊరందరి ముందర ఇచ్చిన మాట ఇప్పుడెట్ల తప్పేది దస్తగిరీ?"

ఎలక్షన్లో చెప్పిన మాట మీద నిలబడే నాయకుణ్ణి ఇన్నాళ్ళకు చూశాను అక్కా. అదీ నా విషయంలోనే నిలబడ్డాడు. వాకిట్లో నిలబడి నేను కొట్టిన చప్పట్లు ఆ మాటకే అని అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. కానీ పని కూడా పోతే ఎలా అని వచ్చి పరుపు కుట్టుకున్నాను.

మొన్న ఆదివారం సిగ్గు విడిచి వాల్టర్ తలుపు తట్టాను. కోప్పడతాడనుకున్నాను. "జబ్బు పడినావేమో అనుకుంటి. మీ ఇంటికాడికి గూడా వచ్చి అడిగిపోతిని" అన్నాడు. ఇంటి ఆవిడ నాకు ఆ మాట చెప్పనే లేదు. చేప వేయించడం మొదలుపెట్టాడు. కిటికీలో కాగితం సంగతి అడిగాను. ఇల్లు బెన్నెట్‌దట, అద్దెకు ఉన్నందుకు అతికించుకోమన్నాడట. "నేనేసింది మీ దొరకే అప్పా" అన్నాడు. అంతదాకా ఆయన్ను పగవాడనుకొని వారాల తరబడి ముఖం చాటేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. సంతోషం కూడా కలిగింది. ఎందుకు వేశావని అడిగాను.

"మీటింగులో శానా బాగా మాట్లాడినాడు" అని చేప నా పళ్ళెంలో పెట్టాడు. "నీ మంచికే చెప్తాండా. ఈ చలిలో, ఈ మనుషుల్లో నీ పెండ్లాం వచ్చి ఏం సుఖపడుతుంది? మీవాళ్ళ దగ్గర మీరుంటేనే మీకు మంచిది. కారం తెచ్చినావా?"

ఆ ముసలాయన మనసులో చెడు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఆ చేప తిన్నాను అక్కా. తినకుండా లేచి రావలసింది. లేచి వస్తే, ఆదివారం ఇంకెవరి ఇంటికి పోవాలి?

దర్గాకు పోయినప్పుడు నా పేరున ఫాతెహా చదివించండి. వీధిలో పెద్దలందరికీ నా సలాములు, పిల్లలకు ముద్దులు. మీ దీవెన ఎప్పుడూ నా తల మీద ఉండాలి. బావను ఈసారి చావడి దగ్గరికి పోవద్దని చెప్పు, పోతానంటే నేను మాత్రం ఏం చేయగలను.

పీరమ్మ పులివెందులకు పోయి వాళ్ళమ్మకు, అక్కచెల్లెళ్ళకు అందరికీ చెప్పి వచ్చిందని రాశావు. ఆమెతో గది దొరకలేదని చెప్పు. దొర మంచివాడే గానీ గది వేరేవాళ్ళకు ఇచ్చేశాడని చెప్పు, నమ్ముతుంది. అది ఖాళీగానే ఉంది అక్కా. నేను కుట్టిన పరుపులు దాంట్లోనే పేర్చి పెట్టమన్నాడు. రోజూ మోసుకొని మెట్లెక్కి, పెట్టి, తలుపు వేసి దిగి వస్తున్నాను.

నీ తమ్ముడు
దస్తగిరి