బందరు ప్రయాణానికి ముందు ఒక సవరణ

నర్సీపట్నం,
నవంబరు 12, బుధవారం సాయంత్రం.

ప్రియమైన జ్యోతికి,

ఈ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మన బందరు ప్రయాణానికి రైలు టికెట్లు తీశాను. 22వ తేదీ శనివారం, తునిలో ఎక్కాలి. ముందు ఈ మాట చెప్పి, క్షేమ సమాచారాలకు తర్వాత వస్తున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. పెరట్లో కోళ్లు నాలుగూ తిరుగుతున్నాయి. కొండమీద నువ్వూ, నీ వార్డులో మంచాల మీద ఉన్నవాళ్లూ దేవుని దయవల్ల తేరుకుంటున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సోమవారం సాయంత్రం అందింది. జోగులు బస్సును డిపోలో పెట్టి, తనే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెంటనే వెళ్లలేదు.

"ఈ కాలంలో ఇంకా జాబులేటండీ బాబూ? ఆసుపత్రి ఎనకాల గట్టెక్కితే సిగ్నలొస్తాది కదా. మేడమ్ గారు ఒక్క ఫోన్ సేత్తే అయిపోను" అన్నాడు.

"గట్టు మీద నిలబడి అరవాల్సి వస్తోందట. ఊరంతా వింటున్నారట" అన్నాను.

"అయితే ఇందులో ఊరు ఇనకూడని మాటలున్నాయన్నమాట. పెళ్లయి ముప్పయ్యేళ్లయినా మీరు తగ్గనేదు" అని నవ్వుకుంటూ వెళ్లాడు. అందులో సగం నా బీపీ మాత్రల గురించేనని నేను చెప్పలేదు.

మాత్రలు వేసుకుంటున్నాను. పోయిన మంగళవారం ఒకటి మరిచిపోయాను. అది తప్ప మిగతా లెక్క సరిగ్గా ఉంది. పక్కింటి సింహాద్రమ్మ కోళ్లను చూసుకుంటానంది. "గింజలేత్తాను గాని, ఆ నల్ల పుంజుకి నా జోలికి రావద్దని సెప్పీసి ఎల్లండి. అది మీ ఆవిడ మాట తప్ప ఎవుల మాటా ఇనదు" అంది. నేను చెప్పినా వినదని ఆవిడకు తెలుసు.

ఎక్కడ దిగుతామని అడిగావు. మీ పెద్దమ్మ పనిచేసిన హాస్టల్లోనే. అతిథుల గది ఒకటుందట, నాలుగు రోజులకు ఇస్తామన్నారు. ఇది కుదిర్చింది బందరులో మా పత్రికకు పనిచేసే రమణబాబు. ఇరవై ఏళ్లుగా నాకు ఆయన గొంతు తెలుసు, మనిషిని చూడలేదు. విషయం చెప్పగానే నవ్వాడు.

"ఏమండీ జ్ఞానానందం గారూ, సముద్రానికి గంటన్నర దూరంలో కూర్చుని, సముద్రం చూడ్డానికి బందరు దాకా వస్తున్నారా?"

"సముద్రం కోసం కాదండీ. మా ఆవిడ ఒక గేటు చూడాలంటోంది" అన్నాను.

నువ్వు చెప్పినట్టే ట్రంకు పెట్టెలోంచి పెద్దమ్మ ఉత్తరాలు తీశాను. రెండు ఆదివారాలు పట్టింది. మీ అమ్మ పోయిన నెల నుంచి మొదలుపెట్టి, నువ్వు నర్సింగులో చేరి, నన్ను చేసుకుని, కొండమీద ఉద్యోగానికి ఎక్కేదాకా ఆవిడ నెల తప్పలేదు. ప్రతి ఉత్తరం చివరా "నువ్వొస్తే చూపిస్తాను" అని ఒక చోటు పేరు రాసింది. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించాను. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే పదకొండు వచ్చాయి. ప్రతి వేసవీ ఆవిడే ఇక్కడికి వచ్చింది, మోకాళ్లు మొరాయించేదాకా. మనం ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ కాగితం రమణబాబుకు చదివి వినిపించాను. నిన్న ఉదయం ఆయన స్కూటర్ మీద తిరిగి, మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు. హాస్టల్ గేటు ఉంది. ఆకుపచ్చ రంగు పోయి నీలం వేశారు. మంచినీళ్ల బావి ఉంది, పైన ఇనుప జాలీ బిగించారు. చర్చి గంట ఉంది, కొట్టేది మాత్రం ఇప్పుడు ఆదివారాలే. దర్జీ కొట్టు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బందరు కోట దగ్గర డచ్చివాళ్ల సమాధులున్నాయి. రాతిమీద అక్షరాలను వేలితో తడిమి చదవొచ్చని పెద్దమ్మ రాసింది కదా, రమణబాబు తడిమి చూశాడట. "భాష తెలియదు గానీ వేలికి అందుతున్నాయండీ" అన్నాడు. పెడనలో కలంకారీ బట్టలు జాడించే చోటికి సోమవారం వెళ్దాం. మంగినపూడి తీరంలో ఇసుక నల్లగా ఉంటుందట, నీళ్లు చాలా దూరం మోకాలి లోతే. నీ మోకాళ్లకూ నా భయానికీ సరిపోతుంది. పెద్దమ్మ సమాధి చర్చి వెనకాల, తూర్పు గోడవైపు రెండో వరసలో ఉంది. పేరు స్పష్టంగా ఉందట.

హాస్టల్ పిల్లలకు ఏటికొప్పాక బొంగరాలు తెమ్మన్నావు. అరవై తెచ్చాను. పసుపువీ ఎరుపువీ ఎక్కువ. ఒకటి తిప్పి చూశాను, బల్లమీద చాలాసేపు నిలబడింది.

ఇక నీ ఉత్తరంలో ఒక ప్రశ్న మిగిలింది. "ఈసారి మీ ఆఫీసువాళ్లు ఆఖరు నిమిషంలో సెలవు రద్దు చెయ్యరు కదా? ఆ ఈశ్వరరావు గారు చేసినట్టు" అని రాశావు. సెలవు కాగితం మీద సంతకం అయింది. ఎవరూ రద్దు చెయ్యరు. కానీ జవాబు అంతటితో అయిపోదు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఈశ్వరరావు మన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా విశాఖ ఆఫీసు నుంచి రిటైరయ్యాక అక్కడే ఉంటున్నాడు. రోలుగుంటలో బంధువుల ఇంటికి వచ్చి, ఇటు తిరిగాడు.

"సెల్లెమ్మ లేదేటి?" అన్నాడు.

"డ్యూటీలో ఉంది."

"హమ్మయ్య. అయితే కాఫీ దొరుకుద్ది" అన్నాడు.

లోపలికి వచ్చి, బల్లమీద పెద్దమ్మ ఉత్తరాలూ రైలు వేళల కాగితమూ చూశాడు.

"బందరా? ఈసారైనా ఎల్తారా, లేపోతే మళ్లీ నా సేత సెలవు రద్దు సేయిస్తావా ఆనందం?"

నవ్వుతూనే అన్నాడు. నేను కాఫీ కలుపుతున్నాను. నాకు నవ్వు రాలేదు.

"ఏడేళ్లయింది. మా పిల్ల పెళ్లికి మీ ఆవిడ రాలేదు. మా ఇంటిది ఇప్పటికీ అడుగుతాది, ఆవిడకి నువ్వేటి సేసినావని."

"ఏం చెప్పావు?"

"ఏటి సెప్తాను? ఆఫీసు ఇసయాలు ఇంట్లో సెప్పనని సెప్పినాను. నీ కాఫీలో పంచదార ఎక్కువైపోనాది" అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

జ్యోతీ, నేను పనిచేసే చోట ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి చెయ్యని పని చేశాడని అచ్చయితే, మర్నాడు సవరణ వెయ్యాలి. సవరణలో విశేషణాలు ఉండవు. ఏది తప్పు, ఏది నిజం, అంతే రాస్తాం. అది ఏడేళ్లు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

ఏడేళ్ల కిందట డిసెంబరు 15వ తేదీ సాయంత్రం, బందరు వెళ్లడానికి ఇచ్చిన మూడు రోజుల సెలవును ఈశ్వరరావు రద్దు చేశాడని నీకు చెప్పాను. అది తప్పు. ఆయన రద్దు చెయ్యలేదు. ఆ రోజు నాలుగు గంటలకు ఆయనే ఫోన్ చేసి, "తుఫాను సంగతి మేం సూసుకుంటాం, నువ్వు సెల్లెమ్మని తీసుకుని బయల్దేరు" అన్నాడు. వద్దన్నది నేను. తుఫాను మన తీరం వైపు వస్తోందనుకున్నాం. అంతకు ముందు ఏడాదంతా నా పేరుతో మొదటి పేజీలో ఒక్క వార్త రాలేదు. ఇది వదిలి పెళ్లాంతో ఊళ్లు తిరిగాడని అనుకుంటారేమోనని ఉండిపోయాను. అలా ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. నువ్వు అప్పటికే పెట్టె సర్దేసి, పెద్దమ్మకు తాటిబెల్లం పొట్లం కడుతున్నావు. ఉండిపోవాలనుకుంటున్నానని నీతో చెప్పలేక, ఈశ్వరరావు పేరు చెప్పాను.

తుఫాను గోదావరి వైపు తిరిగిపోయింది. నర్సీపట్నంలో రెండు రోజులు వాన పడింది, వరి కుప్పలు తడిశాయి. లోపలి పేజీలో రెండు కాలమ్‌ల వార్త వచ్చింది. దాని మీద నా పేరు లేదు.

ఎనిమిది వారాలకు పెద్దమ్మ పోయింది. సిగ్నల్ లేక నీకు కబురు రెండో రోజు చేరింది. అప్పటికి సమాధి అయిపోయింది. తర్వాతి నెలలో పలకరించడానికి వచ్చిన ఈశ్వరరావును నువ్వు గుమ్మంలోనే నిలబెట్టి, "మూడు రోజులు సెలవిస్తే మీ పేపరు ఆగిపోద్దా అన్నయ్యగారూ?" అని అడిగావు. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. నేను నేల చూస్తున్నాను. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. నేను నోరు విప్పవలసిన క్షణం అది. విప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ చెప్పడం కష్టమవుతూ వచ్చింది.

పత్రికలో అయితే "పొరపాటుకు చింతిస్తున్నాం" అని ముగిస్తాం. ఇది పొరపాటు కాదు, అబద్ధం. క్షమించమని అడుగుతున్నాను. ఈ భాగాన్ని మధ్యాహ్నమే రాసుకుని, ఒక నకలు ఈశ్వరరావుకు అప్పుడే పోస్టు చేశాను.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానో కూడా రాయాలి. నిన్న రమణబాబు చెప్పినదాంట్లో ఒక సంగతి పైన రాయలేదు. హాస్టల్లో కామమ్మ అని పాత వంటావిడ ఇంకా ఉంది. మనం వస్తున్నామని తెలిసి ఆయనతో ఇలా చెప్పిందట. "అప్పుడు ఆ మూడు రోజులూ అమ్మగారు గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారండీ. రావట్లేదని ఫోనొచ్చింది కదమ్మా అంటే, ఆ అబ్బాయి పేపరువాడు, వాడి పని ఎప్పుడు తెములుతుందో ఎవరికి తెలుసు, తెమిలితే వచ్చేస్తారు అన్నారండీ. వానపడితే వరండాలోకి జరిగేవారు, తగ్గితే మళ్లీ గేటు దగ్గరికి."

ఈ మాట కామమ్మ నీకూ చెప్తుంది. చెప్పకుండా ఉండదు. అది వింటూ నువ్వు మళ్లీ ఈశ్వరరావును తిట్టుకోకూడదు. పక్కన నేను మళ్లీ నేల చూస్తూ నిలబడకూడదు. అందుకని నువ్వు బయల్దేరకముందే రాస్తున్నాను. ఇంటికి వచ్చినప్పుడు ఎదురుగా చెప్పొచ్చు. కానీ అప్పుడు నీకు నా ముఖం చూస్తూ నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. నీకు కోపం కన్నా ముందు జాలి వస్తుందని నాకు తెలుసు. దాన్ని వాడుకోవడం నాకు ఇష్టం లేదు.

టికెట్లు రెండూ విడివిడిగా తీశాను. ఒకటి రద్దు చేస్తే రెండోది అలాగే ఉంటుంది. నాతో కలిసి ఆ గేటులోంచి లోపలికి వెళ్లడం నీకు ఇష్టం లేకపోతే, నువ్వొక్కదానివే వెళ్లు. తునిలో రైలు ఎక్కించి వచ్చేస్తాను. విజయవాడలో దిగి బస్సు మారాలి. బందరు బస్టాండులో రమణబాబూ ఆయన భార్యా నీకోసం ఉంటారు. ఎందుకు ఒక్కదానివే వచ్చావని అడగరు. పదకొండు చోట్ల కాగితం ఈ కవరులోనే పెట్టాను, ఏ రోజు ఏది చూడాలో పక్కన రాశాను. నువ్వు లేని నాలుగు రోజులూ నేను మాత్రలు వేసుకుంటాను, అన్నం తింటాను. నామీద బెంగతో నీ నిర్ణయం మార్చుకోవద్దు.

నేను కూడా రావాలంటే, వస్తాను. పెద్దమ్మ సమాధి దగ్గర నేను చెప్పుకోవలసింది కొంత ఉంది. అది నీ వెనక నిలబడి చెప్పుకుంటాను.

జవాబు పెద్దగా రాయనక్కర్లేదు. ఒక టికెట్టా, రెండా అని ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలు. ఈ ఉత్తరం రేపు గురువారం ఉదయం ఆరున్నర బస్సుకు జోగులు చేతికిస్తాను. పదిన్నర ప్రాంతంలో ఆసుపత్రి దగ్గర నీకు అందుతుంది. అతను మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడి నుంచి తిరిగి బయల్దేరి, సాయంత్రం నాలుగున్నరకు నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగుతాడు. నేను నాలుగింటికే అక్కడ ఉంటాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే నీ భర్త,
జ్ఞానానందం.