టీకా ఒంటబట్టింది

కాసిడీహ్, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి, 1963

పెద్దన్నయ్యా,

నన్ను తీసుకెళ్లిపొమ్మని ఏడుస్తూ రాసిన ఉత్తరం అందే ఉంటుంది. రైలు టిక్కెట్లు కొనేముందు ఇది చదువు.

మశూచి టీకా వేసిన డాక్టరు వారం తర్వాత మళ్లీ వచ్చి, మా అత్తగారి చేతిమీద పొక్కు చూసి "గుడ్ టేక్!" అన్నాడు. టీకా ఒంటబట్టిందని అర్థమట. ఆవిడకు ఆ మాట తెగ నచ్చేసింది. పెరుగు తోడుకున్నా టేకే, పాతిన మునగకొమ్మ చిగురేసినా టేకే, మామయ్యగారి కొత్త చెప్పులు కరవడం మానినా టేకే!

నిన్న పక్కింటి రత్నం వచ్చి, "మీ కోడలు ఇంకా ఏడుత్తందేటి?" అని అడిగింది. అప్పుడు నేను పులుసులో బెల్లం ఎక్కువైందని అత్తగారితో పోట్లాడుతున్నాను.

ఆవిడ గరిటె నా వైపు చూపించి, "నేదే, టేకయిపోనాది!" అన్నారు.

నువ్వు తప్పకుండా రా అన్నయ్యా. తిరుగు టిక్కెట్టు మాత్రం ఒక్కటే కొను.

నీ చెల్లెలు