పదింటిలో లేని పేరు

చిలకలగూడ,
డిసెంబర్ మొదటి వారం

ప్రియమైన యుగంధర్,

ఫోన్ చేస్తే పోట్లాడుకుంటాం కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. కాలేజీ రోజుల నుంచీ మనకు కాగితం మీదనే కాస్త మర్యాద. ఇది సైనిక్‌పురి చేరేలోగా నా చిరాకు కూడా తగ్గుతుంది.

నేను తీసిన సిరీస్ 'రెండో షిఫ్టు' మీద నువ్వు రాసిన రివ్యూ నాన్నకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "ఈ సారు మంచిగ రాసిండు గనీ, కింద సంతకం పెట్టలేదేంది?" అన్నాడు. నవ్వకు. మా కెమెరా వాళ్లను ఆయన సినిమా వాళ్లు అనుకోలేదు. లైట్లు, బల్ల, బల్ల వెనక నలుగురు మనుషులు కనబడేసరికి, తను పనిచేసిన ఇనుప ఫౌండ్రీలో జరిగిన ప్రమాదం మీద విచారణకు ఆఫీసర్లు వచ్చారనుకున్నాడు. ముప్పై ఏళ్ల కింద జరగాల్సిన విచారణ అది. అప్పుడు ఆయనను పిలవనే లేదు. కరిగిన ఇనుము మోసే క్రేన్ నడిపింది మా నాన్న సోమయ్య, అది మీద పడి కింద కాలిపోయింది జంగయ్య. తప్పంతా జంగయ్యదేనని రిపోర్టు రాసి ఫైలు మూసేశారు.

మతిమరుపు రోగం అన్నీ తుడిచేస్తున్నా ఆ రోజును మాత్రం ఇంకా వదల్లేదు. ఆరు ఎపిసోడ్లలోనూ ఆ సాయంత్రాన్నే చెప్పాడు, ఒక్కోసారి ఒక్కోలా. జంగయ్య క్రేన్ కిందికి నడిచే దగ్గరికి రాగానే ఆగిపోయి, "మిగిలింది రేపు చెప్తా సార్" అనేవాడు. మేమూ అక్కడే కట్ చేశాం. కథ లేదు, పాట లేదు, ఓ ముసలాయన మాట్లాడుతూ ఉంటాడు, దీన్ని సీరియల్ అంటారా అని ఎంతమంది తిట్టారో నీకు తెలుసు.

ఆ 'రేపు' కోసమే నాకు రెండో సీజన్ కావాలి. ఓటీటీ ఆఫీసులో ఆశీష్ కుండబద్దలు కొట్టాడు. మీ విమర్శకులంతా ఏడాది చివర వేసే పట్టికలో మొదటి పదింటిలో ఉంటే సీజన్ ఉంటుంది, లేకుంటే లేదు. నాన్న బుర్ర వేసవి దాకా ఆగేలా లేదు. మొన్న నన్ను చూసి, "ఎవరి బిడ్డవమ్మా?" అన్నాడు.

జంగయ్య కూతురు భవాని మా వెనక గల్లీలోనే ఉంటుంది. కూరగాయల బండి దగ్గర కనబడినప్పుడల్లా, "అక్కా, మీ నాయిన మిగిలింది ఎప్పుడు చెప్తడు?" అని అడుగుతుంది. ఆ పిల్లకు ఏం చెప్పను?

నీ ఓటు అడగడం లేదు. అడగడం లేదంటూనే అడుగుతున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది.

నీ పాత స్నేహితురాలు,
కల్పలత

*

సైనిక్‌పురి,
డిసెంబర్ మూడో వారం

ప్రియమైన లతా,

నువ్వు ఓటు అడగడం చూడాల్సి వస్తుందని అనుకోలేదు. ఏమిటీ దిగులు? మా విమర్శకుల గ్రూపులో ఈ ఏడాది ఎక్కువ మాట్లాడుకున్నది నీ గురించే. బ్యూలా అయితే నాలుగో ఎపిసోడ్ చూసి రెండు రోజులు ఇంకేమీ చూడలేకపోయిందట.

నా పట్టిక పంపించేశాను. బయటపెట్టకూడదు కాబట్టి వివరాలు చెప్పను. హత్యలూ, అత్తాకోడళ్లూ, దయ్యాలూ ఉన్న పది సిరీస్‌ల మధ్య మీ నాన్నగారిని ఇరికించడం నాకు మనసొప్పలేదని మాత్రం చెబుతాను. ఆయనకు తగిన గౌరవమే ఇచ్చాను. పట్టిక వచ్చాక నువ్వే చూస్తావు, చూసి మిఠాయి పంపిస్తావు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. అంత తొందరైతే నువ్వే ఫోన్‌లో తీసేయొచ్చు కదా?

నీ శ్రేయోభిలాషి,
యుగంధర్

*

చిలకలగూడ,
జనవరి రెండు

ప్రియమైన యుగంధర్,

ఆ 'ప్రియమైన' అలవాటు కొద్దీ రాసింది, పట్టించుకోకు.

మీ అందరి మార్కులూ కూడి వేసిన పట్టిక చూశాను. పదింటిలో లేం. ఇరవైలోనూ లేం. పేజీలో ఓ మూల డబ్బా కట్టి నాన్న ఫొటో వేసి, 'పోల్చడానికి వీల్లేనిది' అని నువ్వు రాశావు. 'సోమయ్యకు మార్కులు వేసే అర్హత మాకు లేదు' అనీ రాశావు. చాలా బాగుంది. బ్యూలా కూడా పట్టికలో వేయకుండా విడిగా మెచ్చుకుందట. మీ గ్రూపులో తిరుమల్ కూడా అదే పని చేశాడు. మీలో ఎవరికి ఎక్కువ నచ్చిందో వాళ్లంతా మమ్మల్ని లెక్కలోంచి తీసి నెత్తిన పెట్టుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు పదో స్థానం ఇచ్చినా ఒక మార్కు పడేది. మీ అభిమానానికి మాకు పడింది సున్నా.

ఆశీష్‌కు డబ్బా చూపించాను. "మేడమ్, మా వాళ్లు డబ్బాలు చదవరు, పట్టికే చూస్తారు" అన్నాడు. రెండో సీజన్ లేదు. ఇంత చేసి, ఆ అత్తాకోడళ్ల సిరీస్‌కు నువ్వు మూడో స్థానం ఇచ్చావు. నీకు సిగ్గు వేయలేదా?

ఫోన్‌లో తీయొచ్చు కదా అన్నావు. తీయకుండా ఉంటాననుకున్నావా? ఫోన్ ఎదురుగా పెట్టి అడిగితే, "దీనికేం చెప్తరమ్మా? సార్లు రాలేదా?" అని వాకిట్లోకి చూస్తాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేయించుకుని కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం దాకా చూసి, "ఇయ్యాల గూడ రారేమో" అని తనే విప్పేస్తాడు. అది చూడలేక నేను వంటింట్లోకి పోతాను.

కల్పలత

*

సైనిక్‌పురి,
జనవరి ఆరు

ప్రియమైన లతా,

నీ ఉత్తరం చదివాక తల ఎత్తుకోలేకపోయాను. బ్యూలాకూ తిరుమల్‌కూ ఫోన్ చేశాను. ముగ్గురం మాట్లాడుకోకుండానే ఒకే తెలివితక్కువ పని చేశాం. పట్టికలో కిందెక్కడో వేస్తే చిన్నబుచ్చినట్టు, పైన వేస్తే మిగతా వాటితో పోల్చినట్టు అనిపించింది. పక్కన పెట్టడమే మర్యాద అనుకున్నాను. మర్యాద చూసుకున్నాను గానీ నువ్వు అడిగింది చూసుకోలేదు. పత్రిక వాళ్లను బతిమాలాను, అచ్చయిన పట్టిక మార్చరట.

ఒక మార్గం తోచింది. వచ్చే ఆదివారం మేం ముగ్గురం వస్తాం. కోట్లు వేసుకుని బల్ల వెనక కూర్చుంటాం. తిరుమల్ కెమెరా తెస్తాడు. మీ నాన్నగారికి కావలసింది ఆఫీసర్లే అయితే, మేమే ఆఫీసర్లం. ఓటీటీ వాళ్లు వేయకపోతే మానె, ఆ మాటలు మిగులుతాయి. భవానికి చూపించొచ్చు. కాదనకు.

నీ
యుగంధర్

*

చిలకలగూడ,
సంక్రాంతి వెళ్లిన వారం

ప్రియమైన యుగంధర్,

'రావద్దు' అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నందుకు నువ్వు బాధపడి ఉంటావు. నీ మీద కోపంతో కాదు. అప్పటికి నాకు రాయడానికి చేయి ఆడలేదు.

నీ ఉత్తరం అందిన రోజే జరిగింది. మీ పట్టిక ఉన్న పేపరును నేను బీరువా మీద పడేశాను. నాన్న ఎలా తీశాడో తీశాడు. తన ఫొటో చూసుకున్నాడు. విచారణ రిపోర్టు అచ్చయిందనుకున్నాడు. చొక్కా గుండీలు సరిచేసుకుని, "చదువమ్మా, ఎవలెవల పేర్లు రాసిన్రు?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించాల్సింది. కానీ నాకూ ఒళ్లు మండి ఉంది, డబ్బా సంగతి వదిలేసి పట్టికలోని పది పేర్లూ చదివేశాను.

"నా పేరు?"

"లేదు నాన్నా."

"మల్ల సూడు."

మళ్లీ చదివాను. వేలితో ఒక్కో వరుసా తడుముతూ విన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. చాలా ఏళ్లుగా అంత స్పష్టంగా మాట్లాడింది లేదు.

"నన్ను ఇడిసిపెట్టిన్రు. అంటే మల్ల జంగయ్య మీదనే ఏసిన్రు. గాయన తప్పేం లేదమ్మా. క్రేన్ కదిలిచ్చేముందు గంట కొట్టాలె. నేను కొట్టలే. బీడీ ముట్టిచ్చుకుంటున్న. గంట కొట్టకుంటే కింద ఉన్నోనికి ఎట్ల తెలుస్తది? నా దిక్కు జూసి నవ్విండు గూడ. సార్లకు చెప్పు, నా పేరు రాయమను."

పేపరు నా చేతిలో పెట్టి రాయమన్నాడు. నేను రాయలేకపోయాను. నా చేతిలో ఫోన్ కూడా లేదు యుగంధర్. ఉన్నా తీసేదాన్ని కాదేమో. తన పేరు కోసం నా తండ్రి అట్లా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి మాట లేదు. అన్నం పెడితే తింటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. డాక్టర్ ఇక రాదంటున్నాడు. మీరు కోట్లు వేసుకుని వచ్చినా చూసేవాడు లేడు, అందుకే వద్దన్నాను. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. మీ పట్టికలో ఆయన పేరు ఉంటే ఆ మాట బయటికి వచ్చేదే కాదేమో. దానికి సంతోషించాలో ఏడవాలో నాకే తెలియడం లేదు.

నిన్న భవాని ఇంటికి పోయి అంతా చెప్పాను. గుమ్మంలో నిలబడే వింది. అంతా అయ్యాక అడిగింది:

"అప్పుడు కెమెరా ఉండెనా అక్కా?"

"లేదు."

"సంతకమన్న తీసుకున్నవా?"

"లేదమ్మా."

"అయితే మా నాయినదే తప్పని రాసి ఉన్నది, అట్లనే ఉంటది గద" అని, మెల్లగా తలుపు వేసుకుంది.

నీ
కల్పలత