తెర లేని చోట హెచ్చరిక

మార్చి 2, సోమవారం

కాయని చెట్టుకు ఎన్నేళ్లు నీళ్లు పోస్తావు? ఈ డైరీ ఎవరూ చదవరని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఎవరివైనా సరే, కళ్లు దించుకోకుండా చెప్పు. ఎన్నేళ్లు?

బైబిల్లో కాయని అంజూరపు చెట్టును తోట యజమాని మూడేళ్లు చూసి గొడ్డలి తెమ్మన్నాడు. తోటమాలి బతిమాలితే ఇంకొక్క ఏడాది ఆగాడు. మేము పద్దెనిమిదేళ్లుగా ఆగుతూనే ఉన్నాం. కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి మొత్తం బరువు మోసే ప్రోగ్రాం కెర్నెల్, దాని కోడ్ చూసుకునేది మేము. ఒక్కో పరికరంతో మాట్లాడటానికి అందులో ఒక్కో డ్రైవర్ ఉంటుంది. పరికరాలు ఏనాడో పాత సామాన్లవాడి బండెక్కి వెళ్లిపోయాయి. వాటి డ్రైవర్లు మాత్రం మా నెత్తిన కూర్చున్నాయి. ఇవాళ కోడ్‌లో ఒక ఫంక్షన్‌ను కాస్త మార్చాను. దానివల్ల నూట నలభై మూడు ఫైళ్లు దిద్దాల్సి వచ్చింది. అందులో వందకు పైగా ఈ భూమ్మీద ఎవడూ నడపనివి.

విసుగు పాపమైతే ఇవాళ నేను ఘోరపాపిని.

మార్చి 3, ఉదయం 7

తెల్లారి మెయిల్ తెరిస్తే అరవై ఒక్క బగ్ రిపోర్టులు. అన్నీ యంత్రాలు రాసినవే, అన్నీ చచ్చిన డ్రైవర్ల మీదే. శవానికి జ్వరం కొలుస్తున్నాయి.

మార్చి 5, గురువారం

జాబితా పూర్తయింది. తీసేయాల్సిన డ్రైవర్లు పన్నెండు. టేప్ డ్రైవ్‌తో మొదలై మాటపెట్టెతో ముగుస్తుంది. మాటపెట్టె అంటే కంప్యూటర్ వెనక పాతకాలపు సీరియల్ పోర్టుకు తగిలించే చిన్న డబ్బా. చూపు లేనివాళ్లకు స్క్రీన్ మీది అక్షరాలు పైకి చదివి వినిపిస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీయే మూతపడింది.

మాకొక పద్ధతి ఉంది. దేన్నీ చెప్పాపెట్టకుండా తీసేయం. ముందు దానికి ఒక హెచ్చరిక తగిలిస్తాం. డ్రైవర్ లోడ్ అయిన ప్రతిసారీ అది స్క్రీన్ మీద పడుతుంది. ఆరేళ్ల కిందట ఆ వాక్యం రాసింది నేనే: ఈ డ్రైవర్‌ను తొలగించబోతున్నాం, వాడుతున్నవారుంటే వెంటనే మాకు రాయండి. ఆరేళ్లు! పన్నెండింటిలో ఒక్కదానికీ ఒక్క మనిషీ రాయలేదు.

జాబితా పంపగానే మ్యూజియం లేచాడు. అందరం ఆయన్ని అలాగే పిలుస్తాం. రిటైరైన రేడియో మెకానిక్. ఏది తీసేద్దామన్నా అడ్డం పడతాడు. అయ్యా బోధకుడు గారూ, తమరి చేతికి గొడ్డలిస్తే నోవహు ఓడ కూడా పొయ్యిలోకే పోతుంది అని అందరూ చదివే మెయిలింగ్ లిస్టులో రాశాడు. ఓడలోకి ప్రాణులను ఎక్కించారు, తుప్పును కాదు అని నేనూ రాశాను. నన్ను బోధకుడు అనడం వెటకారమని తెలుసు. నేను ఏ బైబిల్ కాలేజీలోనూ చదవలేదు, ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ రెండూ సొంతంగా నేర్చుకున్నాను. సిగ్గేమీ లేదు.

బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ, అక్కని ఒకసారి అడక్కూడదా అండీ, తన దగ్గర కూడా ఏదో మాట్లాడేది ఉందిగా అంది. వాళ్లక్కకు, అంటే మా వదినకు, పుట్టుకతో చూపు లేదు. పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. నేను విసుక్కున్నాను. నోటీసు ఇచ్చాం, పద్ధతి ప్రకారం ఇచ్చాం, ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టడం నా పని కాదు అన్నాను.

ఆదివారం సాయంత్రాలు సువార్త చెబుతూ మీరు చేసేది ఆ పనేగా అంది. లేచి వచ్చేశాను.

మార్చి 8, ఆదివారం

కూడికలో ప్రసంగం నాది. ద్రాక్షతీగను కత్తిరించడం గురించి. ఊపులో బల్ల గుద్దితే నీళ్లగ్లాసు దొర్లి హార్మోనియం మీద పడింది. స్తోత్రం, ఎవరూ నిద్రపోలేదు.

వదిన ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చుంది. బయటికొచ్చాక నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, ఏం మరిదీ, నరకడం గురించి నలభై నిమిషాలు, తోటమాలి గురించి అర నిమిషం, నీకు ఆ మనిషంటే పడదా అంది. వాక్యం మీద జోకులొద్దు వదినా అన్నాను. వాక్యం మీద కాదయ్యా, నీ మీద అంది.

ఆమె యంత్రం సంగతి అడగలేదు. గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చింది. అడిగితే పని పెరుగుతుందని ఊరుకున్నాను.

మార్చి 10, మంగళవారం

పద్నాలుగు వేల లైన్లు పోయాయి! కెర్నెల్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో ఆఖరి మాట పెద్దాయనది. నేను పంపిన పన్నెండు ప్యాచ్‌లూ, అంటే కోడ్ మార్పులు, తీసుకుని బాగుంది అని ఒక్క మాట రాశాడు. ఆ మనిషి నుంచి అది పేజీడు పొగడ్త. వంటగదిలో రెండు చుట్లు గెంతాను. నడుము పట్టేస్తే నేను కాపడం పెట్టను అంది మా ఆవిడ.

ఏప్రిల్ 13, సోమవారం, మధ్యాహ్నం 12:40

వదిన ఫోన్ చేసింది. డ్యూటీలో ఉండగా ఎప్పుడూ చేయదు.

ఈ ఆదివారం కొత్త కెర్నెల్ విడుదల. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే టెక్నీషియన్ ముందుగా పరీక్ష వెర్షన్ ఒక మెషీన్‌లో వేసి చూద్దామనుకున్నాడట. అన్నిటికన్నా పాతది కదా అని ఎక్స్ఛేంజిలోది ఎంచుకున్నాడు. పొద్దుటి నుంచి ఆమె డబ్బా నోరు మెదపడం లేదు. నాలుగు వందల నంబర్లు ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఏ రోజు ఏ డాక్టరు డ్యూటీలో ఉన్నాడో ఆ డబ్బా చదివితేనే తెలుస్తుంది. పదింటికి ఎమర్జెన్సీ వచ్చింది. నిన్నటి డాక్టరుకు మోగించింది. ఆయన సెలవులో ఉన్నాడు. సరైన మనిషి దొరికేసరికి పన్నెండు నిమిషాలు. పేషెంటు బతికాడు, దేవునికి స్తోత్రం.

సూపరింటెండెంట్ వెంటనే అందుకున్నాడట. పాత వెర్షన్‌కు ఇక సెక్యూరిటీ రిపేర్లు రావు, అన్నీ మార్చక తప్పదు, ఎలాగూ ఆపరేటర్ బదులు రికార్డు గొంతు పెడదామనుకుంటున్నాం, వచ్చే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదమ్మా అన్నాడట.

ఇవన్నీ చెప్పి, నువ్వు ఇలాంటివాటికి డాక్టరువి కదా మరిదీ, నా డబ్బాకి గొంతు పోయింది, ఒకసారి వచ్చి చూడవూ అంది.

12:55

డబ్బా వెనక ఏం రాసుందో టెక్నీషియన్‌తో చదివించాను. నా జాబితాలో పన్నెండోది.

ఏప్రిల్ 14, మంగళవారం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాయాలి.

ఎక్స్ఛేంజి మెట్ల కింద ఉంది. గదిలో ఒక బల్ల, ఒక ఫ్యాను, తీగల గుత్తి. వదిన హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవితో నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టింది. నేను తిన్నగా విషయం చెప్పేశాను. ఆ డబ్బా గొంతు నొక్కింది నేనే వదినా. కానీ ఆరేళ్లుగా హెచ్చరిక ఇస్తూనే ఉన్నాం, మీరు దాన్ని పట్టించుకోలేదు. అవును, ఆ రెండో మాట కూడా అన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, నా మొహాన కొట్టడానికి.

ఏ హెచ్చరిక అంది.

చూపిస్తానుండండి అని తెర కోసం చూశాను. బల్ల మీద తెర లేదు. ఉండాల్సిన చోట స్టీలు సీసా, టిఫిన్ డబ్బా, ఊలు ఉండ ఉన్నాయి. తెర ఏదీ అన్నాను. నాకు తెరెందుకయ్యా, వచ్చిన ఏడాదే తీయించేశాను, చోటు కలిసొచ్చింది అంది.

టెక్నీషియన్ పక్క గది నుంచి ఒకటి మోసుకొచ్చాడు. మెషీన్‌లో పాత కెర్నెల్ ఇంకా ఉంది. దాంతో బూట్ చేశాం. నల్లని తెర మీద తెల్లని లైన్లు పరిగెత్తాయి. వాటి మధ్యలో నా వాక్యం వచ్చింది, పైకి జరిగి మాయమైంది. ఆ తర్వాత రెండు సెకన్లకు డబ్బా గొంతు సవరించుకుని, సిద్ధం, అంది.

డ్రైవర్ లోడ్ అవుతూ హెచ్చరిక వేస్తుంది. లోడ్ అయ్యాకే డబ్బాకు నోరొస్తుంది. చూపు లేనివాళ్లకే చెప్పాల్సిన మాటను, వాళ్లకు వినిపించేది మేలుకోకముందే, తెర మీద రాసి పెట్టాను! ఆరేళ్లు, రోజూ పొద్దున్నే, ఖాళీ గోడకు ప్రకటించాను. ఎవరూ రాలేదని సంతకం పెట్టి నరికేశాను. పెద్దాయన చూశాడు, మ్యూజియం చూశాడు, లిస్టులో వందలమంది చూశారు. ఒక్కరికీ తట్టలేదు. మాకందరికీ కళ్లున్నాయి మరి.

ఏం రాశావో పైకి చదువు అంది వదిన. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారీ చదివించింది.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆదివారం ఆదివారం వీధి చివరిదాకా వినపడేలా అరుస్తావు మరిదీ, నాతో చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం గోడతో చెప్పావు అంది. ఇంతలో లైను మోగింది. అటు తిరిగి, నమస్కారం, పెద్దాసుపత్రి, చెప్పండి అంది, అసలేమీ జరగనట్టు.

ఏప్రిల్ 15, బుధవారం

లిస్టులో అందరి ముందూ ఒప్పుకున్నాను. రెండు సెకన్ల సంగతి దాచకుండా రాసి, డ్రైవర్‌ను వెనక్కి తెచ్చే ప్యాచ్ పంపాను. పెద్దాయన జవాబు గంటలోపే వచ్చింది: కన్నీళ్లతో కోడ్ నడవదు. పరికరం చేతిలో ఉన్న మనిషి దాని బాగోగులు చూసే మెయింటెయినర్‌గా ఉండాలి, ప్రతి రిలీజూ నడిపి చూసి చెప్పాలి. ఒక్కరికోసమైతే ఉంచను, ఎంతమంది వాడుతున్నారో చూపించు. శనివారం మధ్యాహ్నం దాకా గడువు.

కోపం వచ్చింది. ఆ మాటలు నావే. పోయిన నెల మ్యూజియంకు నేను రాసినవే.

మ్యూజియం ఎగతాళి చేస్తాడని ఎదురుచూశాను. నా బీరువాలో ఆ డబ్బా ఒకటుంది బోధకుడు గారూ, నడుస్తోంది, ప్యాచ్ వేసి చూస్తున్నా అని మాత్రం రాశాడు. దానికన్నా తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 16, గురువారం

ఎంతమంది వాడుతున్నారో నేనెలా కనుక్కోను? లిస్టులో అడిగాను. వెబ్‌సైట్లో పెట్టాను. సున్నా.

వదినకు చెప్పాను. నీకు బుద్ధి రాదా, మళ్లీ గోడకే చెబుతున్నావు అంది. సాయంత్రం డ్యూటీ దిగాక మా ఇంటికొచ్చి ఫోన్ ముందు కూర్చుంది. చూపు లేని ఆపరేటర్లు ఒకరికొకరు తెలుసు. పరీక్షలకు కలిసి చదివినవాళ్లు, గొంతుతోనే గుర్తుపట్టుకునేవాళ్లు. ఒసేయ్, నీ డబ్బా ఇంకా కూస్తోందా అని మొదలుపెట్టింది. అవతల ఎవరో పకపకా నవ్వారు. ఆమె అడగడం, మా ఆవిడ రాసుకోవడం. రైల్వే ఎంక్వయిరీలో ఒకాయన, కోర్టులో ఒకావిడ, గుడ్డివాళ్ల బడిలో ముగ్గురు టీచర్లు.

రెండు గంటల్లో పంతొమ్మిది మంది. నా హెచ్చరికకు ఆరేళ్లలో సున్నా.

మెయింటెయినర్‌గా నా పేరు రాస్తానన్నాను. డబ్బా నీ దగ్గరుందా అంది. లేదన్నాను. మరి నీ పేరెందుకు, నాది రాయి అంది. కోడ్ చూడటం నీ పని, విని చెప్పడం నా పని అంది. నా పేరు వదులుకోవడం నాకు బాగా కష్టంగా అనిపించింది. మంచిదే.

ఏప్రిల్ 18, శనివారం, మధ్యాహ్నం 1:15

నలుగురు టెస్ట్ చేశారు: వదిన, మ్యూజియం, కోర్టావిడ, రైల్వే ఆయన. వాళ్ల మాటలూ పంతొమ్మిది మంది లెక్కా పదకొండున్నరకు పెద్దాయనకు పంపాను. పన్నెండు దాటింది, జవాబు లేదు. మోకాళ్లూనడానికి కూడా ఓపిక లేక కుర్చీలోనే ప్రార్థించాను.

ఒంటి గంటకు పెద్దాయన జవాబు వచ్చింది: తీసుకున్నాను. వరసగా రెండు రిలీజులకు ఎవరూ పలకకపోతే శాశ్వతంగా పోతుంది. సంతకం.

వదిన ఫోన్‌లో, పీనాసి, పొగడ్త కూడా కొలిచి పోస్తాడు అంది. ఆ జవాబును టెక్నీషియన్ సూపరింటెండెంట్‌కు చూపించాడట. సోమవారం ఆమె సీట్లోనే ఉంటుంది. రికార్డు గొంతు సంగతి వచ్చే ఏడాది చూస్తారట. వచ్చే ఏడాది వదిన ఆయన్ని చూస్తుంది.

మిగతా పదకొండు డ్రైవర్ల వైపు చూడటానికి భయంగా ఉంది.

ఏప్రిల్ 20, సోమవారం, ఉదయం 8:05

హెచ్చరిక మార్చాం. వదిన చెప్పింది, నేను టైప్ చేశాను. ఇక మీదట తెర మీద కాదు. డబ్బా సిద్ధం అన్నాక, రెండు సెకన్లు ఆగి, తన గొంతుతో తనే చెబుతుంది:

నేనింకా బతికే ఉన్నాను. వింటున్నావా? రేపు అనకు. పెద్దాసుపత్రి ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి నీ పేరు చెప్పు, ఇవాళే.