పీట కింది కవరు

చిరంజీవి సౌభాగ్యవతి అరుణశ్రీని అమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ జురాంగ్ ఈస్ట్‌లో నేనూ, నీ చెల్లెలు కీర్తికా దేవుడి దయవల్ల తిరుగుతున్నాం. నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను బీపీ మాత్రలు మానలేదు. నాన్న పనిబూట్లు ఏంచేశావని అడిగావు. తువాస్ షిప్‌యార్డులో నాన్నతో పనిచేసిన సాంబమూర్తిగారికి ఇచ్చాను. వేసుకోలేదు, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నీ ఉత్తరం చివర రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. "ప్రభుత్వం పంపిన నోటీసు మీ అల్లుడు దాచేశాడు. నాన్న చివరిచూపు ఆయన వల్లే దక్కలేదు. ఇక కలిసి ఉండలేను" అన్నావు.

ఆయన దాచలేదమ్మా. ఆ కవరు తీసుకున్నది నేను.

జనవరిలో, నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు వచ్చింది. ప్రభుత్వ ముద్ర చూసి అల్లుడుగారి వీసా కాగితమనుకున్నాను. బొట్టు పెట్టి వెంకన్న పీట కింద ఉంచాను, సాయంత్రం దీపం పెట్టాక ఇద్దామని. దీపం పెట్టకముందే మీ పెదనాన్న అప్పయ్యగారు పోయారని ఇక్కణ్ణుంచి ఫోను. మైల అని పూజ అలమర మూసేసి మర్నాడే విమానం ఎక్కాను. కవరు సంగతి మళ్ళీ తలపుకు రాలేదు.

అందులో ఏముందో తర్వాత అల్లుడుగారే చెప్పారు. ఆయన చదివిన ప్రభుత్వ యూనివర్సిటీకి ఆఖరి టర్ము ఫీజు బాకీ ఉందట. స్కాలర్‌షిప్పుతో తీరిపోయిందని ఆయన అనుకున్నారు. నెలలోపు అభ్యంతరం చెప్పాలి, లేదా వాయిదాలు అడగాలి. లేకపోతే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం మీకు తిరిగివ్వవలసిన పన్ను డబ్బులోంచి పట్టుకుంటారట. పట్టేసుకున్నారు. ఆయనకు ఉద్యోగం లేని ఆ రోజుల్లో, నాన్నను చూడ్డానికి వచ్చే నీ టిక్కెట్టుకున్న ఆధారం అదొక్కటే.

నాన్న పోయిన వారానికి అల్లుడుగారు పీట కింద కవరు చూశారు. దానిమీద బొట్టు చూసి నాకు ఫోన్ చేశారు. ఏడ్చాను. "అత్తయ్యా, ఇప్పుడు తనకి పెద్దదిక్కు మీరొక్కరే. చెప్పకండి. నన్ను తిట్టుకుంటుందిలెండి, నాకలవాటే" అని నవ్వబోయారు. ఆ మాట చాటున మూడు నెలలు దాక్కున్నాను.

నిన్న కీర్తికకు చెబితే, ఇక్కడి పిల్లల యాసలో "వాట్ ఈజ్ దిస్ లా, అమ్మా! పాపం బావ. అక్కకి చెప్పేయ్" అని అన్నం ముందునుంచి లేచిపోయింది. ఫోనులో నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

నాన్న ఆఖరి రెండు రోజులూ తలుపు చప్పుడైతే చాలు, "అరుణా?" అన్నారు. అదీ నీకు చెప్పలేదు. ఆ పిలుపుకు నువ్వు పలకలేకపోవడం నా తప్పు, అల్లుడుగారిది కాదు.

నామీద కోపం ఎన్నాళ్ళైనా ఉంచుకో. ఈ ఉత్తరం చదవగానే మాత్రం, హాల్లో పడుకుంటున్న ఆయన్ని లోపలికి పిలువు.

ఇట్లు,
నీ అమ్మ
శ్యామలాదేవి