ఎవరూ తిప్పి చూడని రేకు బిళ్లలు

జగిత్యాలలో కాపురముంటున్న పంజాల రాధమ్మ, భర్త మొగిలయ్య గౌడ్, వయసు అరవై ఏడు, పూర్వం బీడీ కార్మికురాలు, అనే నేను సొంత తెలివితో, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. దీన్ని రాయమని నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. అసలు నా దగ్గర రాసివ్వడానికి ఏమైనా ఉందని ఎవరూ అనుకోలేదు. మతి స్థిమితంగా ఉందని డాక్టరమ్మ ఇచ్చిన కాగితం జతచేశాను. బీపీ ఉంది, కోపం ఉంది. కోపం వీలునామాకు అడ్డం రాదని వకీలు కవితమ్మ చెప్పింది.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత కోరుట్ల బస్టాండు పక్కన రబ్బరు స్టాంపుల దుకాణం నడిపే షాజియాకు అప్పగిస్తున్నాను. ఆమె కాలం చేసిన అన్వర్ అన్న బిడ్డ.

1. ఆస్తి వివరం. ఇల్లు నా భర్తది, దాని జోలికి నేను పోవడం లేదు. నావి అని చెప్పుకోగలిగినవి ఒక ఇనుప సందూకు, అందులో నాలుగు వందల పన్నెండు బ్యాడ్జీలు, అర తులం కమ్మలు, ఒక బీడీ చాట, ఒక భూతద్దం. సందూకు నా మంచం కింద ఉంది. తాళంచెవి నా బొడ్లో ఉంది.

2. బ్యాడ్జీలు నావి ఎట్లా అయ్యాయంటే. పెళ్లయిన మూడో ఏట నా భర్త బీడీ కార్మికుల సంఘంలో నాయకులయ్యారు. కోరుట్ల కానీ, మెట్‌పల్లి కానీ, సిరిసిల్ల కానీ, సభ ఎక్కడ జరిగినా గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ల అంగీలకు బ్యాడ్జీలు గుచ్చే పని నాది. స్టేజీ మీద ఎవరేం మాట్లాడారో నేను ఒక్కనాడూ పూర్తిగా వినలేదు. కానీ ఎవరు భయపడుతూ వచ్చారో, ఎవరు తాగి వచ్చారో, ఎవరు మొదటిసారి ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చారో నాకు తెలుసు. సభ అయిపోగానే జనం వాటిని పీకి పారేసేవాళ్లు. నేను చాటలో ఏరుకునేదాన్ని. సభకు ఒక్కటి చొప్పున దాచుకొని, మిగిలినవి పిన్నుల కోసం అన్వర్ అన్నకు తిరిగి ఇచ్చేదాన్ని.

ఆ బ్యాడ్జీలు చేసింది అన్వర్ అన్న. పాత నూనె డబ్బాలు, డాల్డా డబ్బాలు కోసి, చేతి ప్రెస్సు మీద గుండ్రంగా బిళ్లలు కొట్టేవాడు. ముందువైపు అచ్చు కాగితం, దాని మీద పల్చటి పొర. వెనుకవైపు మాత్రం ఆ డబ్బా రంగే మిగిలిపోయేది. ఆ వెనుకవైపు నేను దబ్బనంతో గీకి రాశాను. తేదీ, ఊరు, ఆ రోజు నేను చూసిన ముచ్చట ఒక్కటి. ఏడో తరగతి చదువు అంతమాత్రానికి సరిపోయింది. తర్వాత ప్లాస్టిక్ బ్యాడ్జీలు వస్తే దబ్బనం కాల్చి రాశాను. మొత్తంలో వెనుక రాత లేనిది ఒక్కటే ఉంది. దాని సంగతి ఆరో అంశంలో చెబుతాను.

3. మొన్న ఉగాది ముందు పేపర్లో వచ్చింది: "నలభై ఐదేళ్లు ఊరూరా తిరిగి బ్యాడ్జీలు సేకరించిన మొగిలయ్య గౌడ్." ఫొటోలో సందూకు ఆయన ముందు తెరిచి ఉంది. అప్పుడు నేను చాయ్ గ్లాసులు పట్టుకొని ఆయన పక్కనే నిలబడ్డాను. ఫొటోలు తీసే ఆయన 'అమ్మా, జర పక్కకు జరుగు, సారు ఒక్కడే రావాలె' అన్నాడు. జరిగాను. నా భర్త కండువా సర్దుకున్నారు.

ఆ ఫొటోలో మెరవాలని ముందురోజు ఇరవై బ్యాడ్జీలను చింతపండు నీళ్లలో వేసి, 'జరసేపైనంక తియ్యి' అని నాతో చెప్పి బస్సెక్కి మల్యాల పోయారు. నేను బజారు నుంచి వచ్చేసరికి పొర కిందికి నీళ్లు పోయి పంతొమ్మిదింటి కాగితాలు ఉబ్బిపోయాయి. ముందువైపు బొమ్మలు పోయాయి. వెనుక రాతలు పోలేదు.

ఇప్పుడు సంఘం పాత ఆఫీసులో ఆయన పేరు మీద బ్యాడ్జీల గది పెడుతున్నారు. వచ్చే నెలలో తెరుస్తారు. ఈ సంగతి నాకు ఆహ్వానపత్రిక చదివితే తెలిసింది. అందులో నా పేరు లేదు. భోజనాల ఏర్పాటు మాత్రం మా ఇంట్లోనే.

4. ఎర్ర అంచు, నడుమ మరమగ్గం సాంచె బొమ్మ ఉన్న బ్యాడ్జీని మల్యాలలో కూరగాయలు అమ్మే సమ్మక్కకు ఇస్తున్నాను. ఇది సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు సమ్మె చేసినప్పటిది. ఆ సమ్మెకు బీడీ కార్మికులను తానే ముందుండి నడిపించానని నా భర్త పేపరుకు చెప్పారు. సమ్మె నడిచిన పదకొండు రోజులూ ఆయన వెల్గటూర్‌లో వాళ్ల అక్క ఇంట్లో ఉన్నారు. అరెస్టులు ఉంటాయని విని, 'ఆడోళ్లను ఏమనరు, బ్యాడ్జీల బుట్ట నువ్వు తీస్కపో' అని నన్ను పంపారు. నేను సమ్మక్కను తోడు తీసుకుపోయాను. తోపులాటలో ఆమె కింద పడింది. ఆమె కుడి చెయ్యి మళ్లీ బీడీ చుట్టలేదు. బ్యాడ్జీ వెనుక ఇట్లా ఉంది: "1987, సిరిసిల్ల. ఆయన రాలేదు. సమ్మక్క కుడి చెయ్యి విరిగింది." అక్కా, నిన్ను తీసుకుపోయింది నేనే. నువ్వు ఒక్కనాడూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

5. కమ్మలు కోడలు లతకు. అడగకుండా నా కాళ్లకు నూనె రాసిన మనిషి ఆమె ఒక్కతే. భూతద్దం నా కొడుకు సతీశ్‌కు. ఈ గది సంగతి ఎత్తినప్పుడు వాడు 'బాపు పేరుంటేంది, నీ పేరుంటేంది అమ్మా, ఒక్కటే గదా' అన్నాడు. ఒక్కటే అయితే నా పేరు పెట్టమన్నాను. ఫోనొచ్చిందని బయటికి పోయాడు. బిడ్డా, వెనుక అక్షరాలు చాలా చిన్నవి. ఈ భూతద్దం పెట్టి చదువుకో. నువ్వు పుట్టిన రోజు కూడా అందులో ఒక బిళ్ల మీద ఉంది. ఆ రోజు కోరుట్లలో సభ. మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే ఉన్నాను.

6. వెనుక రాత లేని బ్యాడ్జీ నా భర్తకు. పసుపుపచ్చది, మీద "కార్యకర్త" అని ఉంటుంది. 1983లో మెట్‌పల్లి సభ. అందరికీ గుచ్చడం అయిపోయాక బుట్టలో ఒకటి మిగిలింది. ఆయన స్టేజీ దిగి వచ్చి, దాన్ని తీసి నా కొంగుకు గుచ్చారు. 'నువ్వు గూడ మా మనిషివే గదనే' అన్నారు. నలభై ఐదేళ్లలో నాకు ఎవరైనా బ్యాడ్జీ గుచ్చింది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చి దబ్బనం తీసుకున్నాను కానీ ఏం రాయాలో తెలియలేదు. ఆ రోజు చాలా సంతోషపడ్డాను. ఇప్పటికీ దాన్ని చూస్తే సంతోషంగానే ఉంటుంది, అందుకే ఇంకా కోపం వస్తుంది.

7. మిగిలిన నాలుగు వందల పది బ్యాడ్జీలు, సందూకు, చాట షాజియాకు. అన్వర్ అన్న పోయిన తర్వాత ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి, 'అత్తమ్మా, మా అబ్బా కొట్టిన బ్యాడ్జీ ఒక్కటి సూపిస్తవా' అని అడిగింది. చేతిలో పెట్టగానే వెనక్కి తిప్పింది. డబ్బా రంగును బట్టి వాళ్ల నాన్న ఏ ఏడు చేసిందో గుర్తుపట్టగలదట. రంగుతో పాటు నా రాత కనబడింది. చదివింది. ఇంకొకటి ఇవ్వమంది. పొద్దూకేదాకా కూర్చొని నూటికి పైగా చదివింది. నేను ఆ రోజు వంట చేయలేదు. పక్కన కూర్చొని ఏడ్చాను. నా భర్త ఈ సందూకును నాయకులకు చూపించారు, పేపరువాళ్లకు చూపించారు, ఒక్క బిళ్లనూ తిప్పి చూడలేదు.

ఆ గదికి బ్యాడ్జీలు కావాలంటే షాజియాను అడగాలి. ఆమె ఇవ్వదలిస్తే రెండు షరతులు. అద్దాల కింద బ్యాడ్జీలన్నీ వెనుకవైపు పైకి కనబడేటట్టు పెట్టాలి. ముందువైపు జెండాలు, బొమ్మలు చూడాలనుకునేవాళ్ల కోసం ఫొటోలు తీసి గోడకు పెట్టుకోవచ్చు. చేసినది అన్వర్, కూర్చినది రాధమ్మ అని బోర్డు రాయాలి. ఇంకెవరి పేరూ అంతకన్నా పెద్ద అక్షరాల్లో ఉండరాదు.

8. సాక్షి ఈ కాగితం చదవాల్సిన పని లేదట. నా సంతకం చూసి తన సంతకం పెడితే చాలట. అందుకని రెండో సాక్షిగా నా భర్తనే కూర్చోబెడుతున్నాను. కవితమ్మ వద్దంది. 'సారు చదివితే చింపేస్తడమ్మా' అంది. చింపనివ్వండి. నాలుగు పేజీలు గుండ్రంగా రాశాను. ఆయన కళ్లద్దాలు తుడిచి పక్కనే పెడతాను, తొందరపెట్టను. ఆయన ఒక్క పేజీ చదివినా, ఇదేమిటని నన్ను ఒక్క మాట అడిగినా, ఈ వీలునామాను నేనే రద్దు చేసి తాళంచెవి ఆయన చేతికి ఇస్తాను. ఆ గదికి ఆయన పేరే ఉండనిస్తాను. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

తేది: 14 సెప్టెంబరు 2025
జగిత్యాల

(సంతకం)
పంజాల రాధమ్మ

సాక్షులు:

1. బండి సమ్మక్క, మల్యాల. ఎడమ బొటనవేలి ముద్ర.

2. (సంతకం) పంజాల మొగిలయ్య గౌడ్, బీడీ కార్మికుల సంఘం మాజీ అధ్యక్షుడు, బ్యాడ్జీల సేకరణకర్త.