కుర్చీ సంగతి కాదండీ

ఫిర్యాదుల కమిటీ కన్వీనర్ గారికి,

నమస్కారాలు. నేను ఈ ఏడాదే భూగోళశాఖలో చేరిన ఉపన్యాసకురాలిని. ఆ శాఖలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా శాఖాధిపతి గారి ప్రవర్తన గురించి రాస్తున్నాను.

స్టాఫ్ రూములో అంత చోటుండగా ఆయన తన కుర్చీ తెచ్చి నా కుర్చీకి ఆనించి వేసుకుంటారు. మ్యాపు చూపించే నెపంతో భుజం మీద చెయ్యి వేస్తారు. తీసేస్తే నవ్వుతారు. "సాయంత్రాలు ఒక్కదానివీ గదిలో ఏం చేస్తుంటావు?" అని అడుగుతారు. మొన్న ధైర్యం చేసి, "దయచేసి దూరంగా కూర్చోండి సార్" అన్నాను. మర్నాడే సర్వే యాత్రకు వెళ్లేవాళ్లలోంచి నా పేరు కొట్టేశారు. "ఆడవాళ్లకి కొండలెందుకమ్మా, కాళ్లు నొప్పెడతాయి" అన్నారు అందరి ముందూ. నేను చదువుకున్నదే కొండల గురించి.

విచారించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
భూగోళశాఖ ఉపన్యాసకురాలు

తా.క.: ఫిర్యాదులు శాఖాధిపతి ద్వారానే పంపాలని నోటీసు బోర్డులో ఉంది. ఆయన మీద ఫిర్యాదు ఆయన సంతకంతో ఎలా పంపాలో తెలియక నేరుగా పంపుతున్నాను. మన్నించాలి.

* * *

ఉపన్యాసకురాలు గారికి,

మీ లేఖ అందినది. కుర్చీల మధ్య చోటు చాలక మీరు పడుతున్న అసౌకర్యమును కమిటీ సానుభూతితో పరిశీలించినది. మీకు చేతులు గల కొత్త కుర్చీ మంజూరు చేయడమైనది. ఇంతటితో మీ ఫిర్యాదు పరిష్కారమైనట్లు భావించడమైనది.

ఇట్లు,
కన్వీనర్ (అదనపు బాధ్యత), లైబ్రేరియన్

తా.క.: పైదంతా ఆఫీసువాళ్లు టైపు చేసి సంతకానికి పంపారు. సంతకం పెట్టకపోతే ఉత్తరం బయటికి రాదు, అడుగున చేత్తో రాసుకునే ఈ కాస్త చోటూ పోతుంది. అందుకని పెట్టాను. ప్రతి ఫిర్యాదునీ సూపరింటెండెంటు గారు ఫైలు మీద ఒక్క మాటలో రాస్తారు. మీదానికి "కుర్చీ" అని రాశారు. కమిటీలో కాలేజీవాళ్లం నలుగురం. ఒకాయన రిటైరయ్యారు. ఒకావిడ ప్రసూతి సెలవులో ఉన్నారు. మూడో ఆయన మీ శాఖాధిపతే. కాబట్టి నిన్నటి సమావేశానికి నేనూ, నా కళ్లజోడూ హాజరయ్యాం. మళ్లీ రాయండి. ఈసారి కుర్చీ అనే మాట రానివ్వకండి.

* * *

కన్వీనర్ మేడం గారికి,

నమస్కారాలు. కొత్త కుర్చీ వచ్చింది. దానికి చక్రాలున్నాయి. ఇప్పుడాయన లేచి రావలసిన పని లేకుండా, ఉన్నచోటు నుంచే చెయ్యి చాపి నన్ను కుర్చీతో సహా తన వైపు లాక్కుంటున్నారు. నిన్న లాగినప్పుడు గదిలో ముగ్గురున్నారు. ఒకాయన పేపరు తిరగేశారు. ఒకాయన లేచి కిటికీ తెరిచారు. మూడో ఆయన లేచి ఆ కిటికీ మూశారు.

కుర్చీ సంగతి కాదండీ, మనిషి సంగతి. సాయంత్రం బస్టాపులో కారాపి, "ఎక్కు, దింపేస్తాను" అంటారు. వద్దంటే అద్దం దించుకుని, బస్సు వచ్చేదాకా అక్కడే నవ్వుతూ కూర్చుంటారు. చివరి సంవత్సరం క్లాసు కూడా నా దగ్గర్నుంచి తీసేశారు. ఎందుకని అడిగితే, "పెళ్లయితే ఎలాగూ మానేస్తావుగా" అన్నారు.

అమ్మకి చెప్పలేదు. చెప్తే ఉద్యోగం వదిలేసి వచ్చెయ్యమంటుంది. ఈ ఊళ్లో నాకు తెలిసింది మా ఇంటి ఓనరమ్మ ఒక్కతే. ఆవిడకి బొత్తిగా వినపడదు.

భవదీయురాలు,
ఉపన్యాసకురాలు

తా.క.: మీరు వద్దన్నా ఆ మాట ఇందులో మూడుసార్లు వచ్చింది. కానీ దాన్ని పంపింది కమిటీయే కనక తప్పు నాది సగమే.

* * *

ఉపన్యాసకురాలు గారికి,

మీ రవాణా ఇబ్బందిని గమనించి బస్ పాసు దరఖాస్తును జతపరచడమైనది. మీ రక్షణ దృష్ట్యా మీ సీటును మూడో అంతస్తు చివరనున్న పాత మ్యాపుల గదికి మార్చడమైనది. విచారణ ముగియువరకు ఫిర్యాదుదారు, కన్వీనరు పరస్పరం మాట్లాడుకొనరాదు. ఆ కారణముగా మీరు లైబ్రరీకి రాకూడదు.

ఇట్లు,
కన్వీనర్ (అదనపు బాధ్యత), లైబ్రేరియన్

తా.క.: అమ్మా, ఇది నా వల్లే జరిగింది. "మనిషిని అక్కడినుంచి కదపండి" అన్నాను ప్రిన్సిపాల్ గారితో. "తప్పకుండా, రేపే కదుపుతాం" అన్నారు. ఇంత తొందరగా ఒప్పుకున్నారేమిటా అని సంబరపడ్డాను. ఏ మనిషో నేను చెప్పలేదు, వారడగలేదు. పొద్దున పరిగెత్తి అడిగితే, "ఆయనవి రెండు బీరువాలమ్మా, ఎక్కడికని మోస్తాం? ఆ అమ్మాయికైతే చేతిసంచీయేగా" అన్నారు.

* * *

మేడం గారికి,

నమస్కారాలు. మ్యాపుల గదికి వచ్చేశాను. ఇక్కడ దేశాలన్నిటినీ చుట్టలు చుట్టి మూలన నిలబెట్టారు. కొన్ని దేశాలు ఇప్పుడు లేనే లేవు. వాటి పక్కన నా బల్ల వేశారు.

నోటీసు బోర్డులో మీ ఆఫీసు పెట్టిన కాగితం చూశాను. "భూగోళశాఖలోని ఏకైక మహిళా ఉపన్యాసకురాలు (పేరు గోప్యముగా ఉంచడమైనది) చేసిన ఫిర్యాదు విచారణలో ఉన్నది" అని. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "గోప్యంగా ఉన్నది మీరేనా అమ్మా?" అని అడిగాడు.

టీ తాగడానికి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. మొన్న కెమిస్ట్రీ ల్యాబ్ ఆవిడ దగ్గరికొచ్చి ప్రేమగానే, "నీకెందుకమ్మా వచ్చిన గొడవ" అంది. అనేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని వెళ్లిపోయింది. పిల్లలకి నా గది దొరకడం లేదు. ఇద్దరో ముగ్గురో వస్తారు, వాళ్లూ రొప్పుతూ వస్తారు. నిన్న పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రం కండక్టరుకి స్టాపు పేరు చెప్పబోతే గొంతు పెగల్లేదు.

మీ ఉత్తరాల్లో నేను ముందు అడుగునుంచే చదువుతాను. పైదాకా వెళ్లను.

భవదీయురాలు,
ఉపన్యాసకురాలు

తా.క.: శాఖాధిపతి గారు నిన్న ఈ గదికి వచ్చారు. "భలే ప్రశాంతంగా ఉందే, ఇటు ఎవరూ రారు" అన్నారు. నా రక్షణ కోసం ఇచ్చిన గది ఆయనకి చాలా నచ్చింది. నేను సంచీ తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

* * *

ఉపన్యాసకురాలు గారికి,

మీరు ఒంటరితనముతో బాధపడుచున్నట్లు తెలిసి కమిటీ విచారించినది. మహిళా సిబ్బంది మానసికోల్లాసము నిమిత్తం "నవ్వుతూ పని చేద్దాం" అను ఒకరోజు శిబిరము ఏర్పాటు చేయడమైనది. "స్త్రీల గౌరవం" అను అంశముపై ముఖ్య అతిథిగా భూగోళశాఖాధిపతి గారు ప్రసంగించెదరు. హాజరు తప్పనిసరి.

ఇట్లు,
కన్వీనర్ (అదనపు బాధ్యత), లైబ్రేరియన్

తా.క.: ఈ కాగితం చూసి ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లి అరిచాను. లైబ్రరీలో ఉండి ఉండి అరవడం మర్చిపోయినట్టున్నాను, మధ్యలో దగ్గొచ్చింది. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. దగ్గు తగ్గేసరికి ఆయన మీటింగుకి వెళ్లిపోయారు. ఎవరితోనూ మాట్లాడక గొంతు పెగల్లేదని రాశారు కదా. నా ఇంట్లోనూ ఎవరూ లేరమ్మా. మనిషి గొంతు వినపడుతుందని రేడియో పెట్టుకుంటాను. మీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం పెట్టను.

* * *

మేడం గారికి,

నమస్కారాలు. శిబిరానికి వెళ్లాను. ఆయన మాట్లాడారు. "మా శాఖలో స్త్రీని దేవతలా చూసుకుంటాం, అందుకే పై అంతస్తులో ఉంచాం" అన్నారు. అందరూ నవ్వారు. అది చూసి శిబిరం బాగా జరిగిందని ఆఫీసువాళ్లు ఫొటో తీశారు.

నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. కోపంతో కాదు, అలిసిపోయాను. నెలాఖరుకి ఉద్యోగం కూడా మానేస్తాను. మీరు చేయగలిగినంతా చేశారు. ఈ కాలేజీలో నాతో మాట్లాడింది మీరొక్కరే, అదీ కాగితం మీద. మీరెలా ఉంటారో చూడకుండా వెళ్లిపోతున్నానని ఒక్కటే దిగులు.

సెలవు,
ఉపన్యాసకురాలు

తా.క.: ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఆఫీసులో అచ్చేసిన కాగితాలు కట్టలకొద్దీ ఉన్నాయి. ఫిర్యాదు చేయడానికి మాత్రం తెల్ల కాగితం కూడా నేనే కొనుక్కున్నాను.

* * *

మూడో అంతస్తులో ఉన్న అమ్మాయికి,

ఇది టైపు కాదు, మొదటినుంచి నా చేతిరాతే. ఇంక నిన్ను మీరు అనను.

నువ్వు వెనక్కి తీసుకుంటానన్న కాగితం నేను తీసుకోలేదు. ఆ పొద్దున్నే కన్వీనరు పని వదిలేశాను. "ఏమైందండీ, ఆరోగ్యం బాలేదా?" అని సూపరింటెండెంటు అడిగాడు. "కన్వీనరుగా ఉంటే ఫిర్యాదు చేయకూడదని మొన్న నువ్వేగా అన్నావు. అందుకని" అన్నాను.

అవునమ్మా. నేను పుట్టు లైబ్రేరియన్ని కాను. నీకంటే ముందు ఆ శాఖలో ఉన్న ఏకైక ఆడమనిషిని నేనే. అప్పటికాయన శాఖాధిపతి కాలేదు, జుట్టు నల్లగా ఉండేది. చెయ్యి మాత్రం ఇదే. అప్పుడు కమిటీ లేదు. వెళ్లి ప్రిన్సిపాల్‌కి చెప్తే, "మీకు పుస్తకాలంటే ఇష్టం కదా" అని లైబ్రరీకి మార్చారు. పుస్తకాలంటే ఇష్టమే. పాఠం చెప్పడం అంతకంటే ఇష్టంగా ఉండేది.

కమిటీలో బయటి నుంచి ఒక లాయరమ్మ కూడా ఉండాలని నిబంధన. ఆవిడ చిరునామా ఫైల్లోనే ఉంది. ఆవిణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆవిడకి నా ఫిర్యాదు, నీ ఉత్తరాలు అన్నీ పంపాను. నిన్న వచ్చింది. ప్రిన్సిపాల్ గారిని ఒక్కటే అడిగింది: "ఫిర్యాదు ఎవరి మీద, శిక్ష ఎవరికి?" ఆయన మంచినీళ్లు తాగారు. విచారణ అయ్యేదాకా శాఖాధిపతిని సెలవు మీద పంపించారు. ఆయన బీరువాలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని మొయ్యాల్సిన పనే పడలేదు.

ఇంకొకటి. టీ దగ్గర నిన్ను "ఎందుకమ్మా వచ్చిన గొడవ" అన్న ల్యాబ్ ఆవిడ నా కాగితం కింద తనూ సంతకం పెట్టింది. ఆ గొడవ తనకీ వచ్చిందేనట.

విచారణ సోమవారం. మనం గెలుస్తామో లేదో నాకు తెలీదు. ఆయనకి స్నేహితులున్నారు, మనం ఒకరికొకరం ఉన్నాం. నువ్వు వెళ్లిపోవాలనుకుంటే ఆపను. సోమవారం దాటాక వెళ్లు.

ఆశీస్సులతో,
నీ తోటి ఫిర్యాదుదారు

తా.క.: ఇద్దరు ఫిర్యాదుదారులు మాట్లాడుకోకూడదని ఏ నిబంధనలోనూ లేదు, లాయరమ్మ రెండుసార్లు చూసింది. అందుకని ఈ ఉత్తరం అటెండరు చేత పంపి వెనకే నేనూ బయల్దేరుతున్నాను. నా మోకాళ్లు మంచివి కావు, మూడు అంతస్తులంటే ఆలస్యమవుతుంది. మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తే, అది నేనే.